టార్గెట్ గ్రూప్ డిలీట్ కాకపోతే

అప్లికేషన్ పోర్ట్ 8080 నుంచి 9090కి మారింది. టెర్రాఫామ్‌లో (క్లౌడ్ సెటప్‌ని కోడ్‌గా రాసే టూల్) నంబర్ మార్చి అప్లై కొడితే "రిసోర్స్ ఇన్ యూజ్" అని ఎర్రర్. టార్గెట్ గ్రూప్ అంటే లోడ్ బ్యాలెన్సర్ రిక్వెస్ట్‌లు పంపే సర్వర్ల గుంపు. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) దాని పోర్ట్‌ని ఉన్నచోటే మార్చడం కుదరదు. పాతది తీసేసి కొత్తది పెట్టాలి. టెర్రాఫామ్ ముందు పాతదాన్ని తీయబోతుంది, లిజనర్ (లోడ్ బ్యాలెన్సర్‌లో రిక్వెస్ట్‌లు అందుకునే భాగం) ఇంకా దాన్నే వాడుతుంటుంది.

కన్సోల్‌లో చేత్తో మార్చేద్దామన్నారు టీమ్‌లో. అలా చేస్తే స్టేట్ ఫైల్‌లో (టెర్రాఫామ్ తన లెక్క రాసుకునే ఫైల్) ఒకటి, క్లౌడ్‌లో ఇంకోటి. ఆ తలనొప్పి నాకొద్దు.

లైఫ్‌సైకిల్ బ్లాక్‌లో "క్రియేట్ బిఫోర్ డిస్ట్రాయ్"ని ట్రూ చేశాను. ఇప్పుడు కొత్త గ్రూప్ తయారై, లిజనర్ దానికి మారాకే పాతది పోతుంది. వెంటనే ఇంకో ఎర్రర్: ఆ పేరుతో గ్రూప్ ఇప్పటికే ఉందట! నేమ్ తీసేసి నేమ్ ప్రిఫిక్స్ పెట్టాను. దానికి 6 అక్షరాలే ఇస్తారు (పిసినారితనం కాకపోతే ఏంటి), అందుకే అసలు పేరు ట్యాగ్‌లో రాశాను.

అసలు టెన్షన్ అటాచ్‌మెంట్లతో, అంటే సర్వర్లను గ్రూప్‌కి కలిపే రిసోర్స్‌లతో. వాటికి అదే సెట్టింగ్ లేకపోతే, లిజనర్ మారకముందే పాత గ్రూప్ ఖాళీ అవుతుంది, యూజర్లకు 503 ఎర్రర్ (సర్వీస్ అందుబాటులో లేదు) కనిపిస్తుంది. వాటికీ ఆ లైన్ చేర్చి, లిజనర్‌లో "డిపెండ్స్ ఆన్" కింద అటాచ్‌మెంట్లను రాశాను. తర్వాత ప్లాన్‌లో (అప్లైకి ముందు ఏమేం మారతాయో చూపే లిస్ట్) టార్గెట్ గ్రూప్ పక్కన "+/-" గుర్తు ఉందో లేదో చూసుకున్నాను. "-/+" అని ఉంటే ముందు తీసేస్తుందని అర్థం, అప్లై కొట్టకండి.