ఇన్సులిన్ సూదులు, ట్యూబ్‌లైట్లు, పాత మందులు: వార్డులో వీటికో చోటు పెట్టించాలంటే

మా పెరంబూరు వీధికి చెత్త బండి తోసుకుంటూ వచ్చే ఆవిడది మన భాషే. ఉత్తర చెన్నైలో ఈ పని చేసేవాళ్లు చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. రెండేళ్ల కిందట ఒక పొద్దున ఆవిడ చూపుడువేలు గట్టిగా పట్టుకుని మా గేటు దగ్గర నిలబడింది. "సూది గుచ్చుకుందమ్మా" అంది. గ్లవుజు కొసన చిన్న ఎర్రటి చుక్క. ఆ కవరు మా ఇంటిదే. మా అత్తగారి ఇన్సులిన్ సూదిని కూరగాయల తొక్కల్లో వేసింది నేనే.

వేలు కుళాయి కింద సబ్బుతో కడిగించి, ఆటోలో సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లాను. మీకెవరికైనా ఇలా జరిగితే వేలు నొక్కి రక్తం పిండకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. హెచ్‌ఐవీ రాకుండా మందు మొదలుపెట్టాల్సి వస్తే 72 గంటలు దాటకూడదు, ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. ఆవిడ పరీక్షలన్నీ అయిపోయి ఏమీ లేదని తేలేదాకా నాకు కంటిమీద కునుకు లేదు.

ముందు ఇంట్లో చేయాల్సింది. సూదులకు మందపాటి ఖాళీ ఫినాయిల్ సీసా పెట్టుకోండి. ముప్పాతిక నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన తమిళంలో ‘ఊసి’ అని పెద్దక్షరాలతో రాయండి. ట్యూబ్‌లైటును కొత్తది వచ్చిన అట్టగొట్టంలోనే పెట్టాలి. అందులో పాదరసం ఉంటుంది. పగిలితే ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, ఓ పావుగంట అందరూ బయటికి వెళ్లండి. తర్వాత చీపురు వాడకుండా అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, మూత ఉన్న సీసాలో వేయండి. ఫోన్ బ్యాటరీ కొనలకు టేపు అంటించండి. పాత సిరప్పులు సింకులో పోయొద్దు. టాయిలెట్ యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకే సంచిలో అసలు పెట్టొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఇంత జాగ్రత్తగా విడదీసినా, తీసుకునే చోటు లేకపోతే అన్నీ కొడుంగైయూరు చెత్తగుట్టకే చేరతాయి. అందుకే వార్డును అడగాలి. ఉత్త మాటలతో కాకుండా లెక్కతో వెళ్లి అడగాలి. ఒక ఆదివారం కాలేజీ పిల్లలిద్దరిని వెంటబెట్టుకుని మా వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. ఏ ఇంట్లో ఏముందో నోటుబుక్కులో రాసుకున్నాం. ఒక తాతగారు మంచం కింద నుంచి పాదరసం బీపీ మిషన్ లాగి, "దీన్ని ఎవరికివ్వాలో తెలియకే పదేళ్లుగా దాచానమ్మా" అన్నారు.

ఆ లెక్క జతచేసి అర్జీ రాయండి. ఇక్కడ ‘మను’ అంటారు, తమిళంలో రాస్తే పని త్వరగా కదులుతుంది. ఒక కాపీ కౌన్సిలర్‌కు, ఒకటి జోనల్ ఆఫీసుకు ఇచ్చి, మీ కాపీ మీద సీలు వేయించుకోండి. అందులో మూడు ప్రశ్నలు సూటిగా ఉండాలి. మా దగ్గరి సేకరణ కేంద్రం ఎక్కడ, ఏ వేళల్లో తెరుస్తారు? అక్కడి నుంచి సరుకు ఎక్కడికి వెళ్తుంది? (ప్రమాదకర వ్యర్థాల కేంద్రం గుమ్మిడిపూండిలోని సిప్కాట్ పారిశ్రామికవాడలో ఉంది.) బండి మీద విడిగా మూత డబ్బా, పనివాళ్లకు మందపాటి గ్లవుజులు ఎప్పుడిస్తారు?

అడిగే హక్కు మనకుంది. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టి, వేళలు ప్రకటించాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. చెన్నై కార్పొరేషన్ వైశాల్యం 426 చదరపు కిలోమీటర్లు. అంటే ఊరికి 22 కేంద్రాలు కావాలి. ఈ లెక్క అర్జీలో రాయండి, చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. 2026 కొత్త నిబంధనల్లో అయితే తడి, పొడి, శానిటరీతో పాటు ఇలాంటి సామాన్లకే నాలుగో విభాగం పెట్టారు.

జవాబు రాకపోతే కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వార్డులో ఏరియా సభ, అంటే ఆ ప్రాంతం జనంతో జరిపే సమావేశం, పెట్టినప్పుడు ఆ నంబరు చదివి వినిపించండి. అప్పటికీ కదలకపోతే పది రూపాయల ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇప్పుడు మా బండికి పక్కన మూత ఉన్న ఎర్ర డబ్బా ఒకటి వేలాడుతోంది. నెలకోసారి నేను సీసా తెచ్చిస్తే, ఆవిడ డబ్బాలో వేసే ముందు మూత ఒకసారి తిప్పి చూసుకుంటుంది.