పరుగు సాధన మొదలుపెట్టే ముందు ఇంట్లో అడగవలసినవి

కానిస్టేబుల్ ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందని తెలియగానే తెల్లవారుజామున మైదానాలు నిండిపోతాయి. నెలల తరబడి పుస్తకాల ముందు కూర్చున్న పిల్లలు 1600 మీటర్ల పరుగు కోసం ఒక్కసారిగా శరీరాన్ని కష్టపెడతారు. బూట్లు కొనడానికి ముందే వాళ్లు చేయవలసిన పని ఒకటుంది. అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర కూర్చుని కుటుంబ ఆరోగ్యం గురించి అడగాలి.

మన ఇంట్లో చిన్న వయసులోనే హఠాత్తుగా పోయినవారు ఉన్నారా? నిద్రలోనే పోయాడని, ఈత వచ్చినా బావిలో మునిగిపోయాడని చెప్పుకునే సంగతులనూ వదలకండి. వాటిలో కొన్నింటి వెనుక గుండె లయ తప్పే వంశపారంపర్య జబ్బులు ఉండవచ్చు. పదేపదే స్పృహ తప్పేవారికి మూర్ఛ అని మందులు వాడినా, అసలు కారణం గుండెలో ఉన్న సందర్భాలున్నాయి. తండ్రి వైపే కాదు, తల్లి వైపూ అడగాలి. మేనరికం పెళ్లిళ్లు జరిగిన కుటుంబాలు మరింత శ్రద్ధగా అడగాలి. లోపమున్న ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం అక్కడ ఎక్కువ.

గుండె కండరం మందమయ్యే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జన్యులోపం ఉంటే, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. మన ప్రాంతానికి దీనితో దగ్గరి సంబంధమే ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించిన మార్పు దక్షిణాసియా వాసుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2009లో వెల్లడించింది. ఆ మార్పు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. కానీ కుటుంబంలో హఠాన్మరణాల చరిత్ర ఉన్నవారూ, పరిగెత్తేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చినవారూ, కళ్లు తిరిగి పడిపోయినవారూ సాధన ఆపి వైద్యుడిని కలిసి ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్) చేయించుకోవాలి. ‘ఎండ దెబ్బలే’ అని సరిపెట్టుకోవద్దు.

అరకు, పాడేరు, ఆదిలాబాద్ వంటి ఏజెన్సీ ప్రాంతాల యువత సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించుకుని ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ లోపమున్న జన్యువు వచ్చినవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. అమెరికా సైన్యంలోని నల్లజాతి సైనికులపై 2016లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, అలాంటివారికి మరణ ముప్పు పెరగలేదు. అయితే తీవ్ర శ్రమతో కండరాలు దెబ్బతినే ముప్పు 54 శాతం ఎక్కువని తేలింది. అందుకే వీరు పరుగు దూరాన్ని మెల్లగా పెంచాలి, నీళ్లు బాగా తాగాలి, ఎండ ముదరకముందే సాధన ముగించాలి. కాళ్లలో సత్తువ పోయి విపరీతమైన నొప్పి వచ్చినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వచ్చినవారు, అంటే జబ్బే ఉన్నవారు, వైద్యుడు చెప్పకుండా ఇలాంటి సాధనకు దిగకూడదు.

పక్కవాడితో పోల్చుకోవడం కూడా నా దృష్టిలో ప్రమాదమే. 98 కుటుంబాలకు చెందిన 481 మందితో 20 వారాలు ఒకే పద్ధతిలో వ్యాయామం చేయించిన ప్రసిద్ధ అధ్యయనం 1999లో వెలువడింది. శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం కొందరిలో దాదాపు పెరగలేదు, కొందరిలో నిమిషానికి ఒక లీటరుకు పైగా పెరిగింది. ఈ తేడాలో దాదాపు సగం వరకు వంశానిదేనని లెక్క తేలింది. స్నేహితుడు నెలలో అందుకున్న వేగం మీకు మూడు నెలలు పట్టవచ్చు. అది బద్ధకం కాదు. కనుక పరీక్షకు నెల ముందు కాదు, కనీసం నాలుగైదు నెలల ముందే నడకతో మొదలుపెట్టండి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో మాత్రం పరిగెత్తవద్దు.

ఒంటరిగా సాధన చేయకండి. తోటివాడు కుప్పకూలి, పలకకుండా, సరిగా శ్వాస తీసుకోకుండా ఉంటే ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.