చల్లటి బేలో ఈతకు వెళ్తే ఒకరిని ఒడ్డునే ఉంచండి

శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) ఒడ్డునున్న ఆక్వాటిక్ పార్క్‌లో చలికాలం నీళ్లు 10–12 డిగ్రీలే ఉంటాయి, అందుకే మేం నలుగురైదుగురం వెళ్లినా ఒకరు మాత్రం నీళ్లలోకి రాకుండా ఒడ్డున నిలబడతారు, దిగినవాళ్లను లెక్కపెట్టి పైకొచ్చినవాళ్లను మళ్లీ లెక్కపెట్టడమే ఆ మనిషి పని. టోపీలు నారింజ రంగువి తీసుకోండి, నలుపైతే అలల్లో తల కనబడదు. దిగగానే ఊపిరి అందదు, ఒకటి రెండు నిమిషాల్లో అదే సర్దుకుంటుంది, అప్పటిదాకా ఈదొద్దు. దూకి ఫోజులు అసలే వద్దు. అయితే అసలు వణుకు బయటికొచ్చాక మొదలవుతుంది, ఒంటి వేడి ఇంకా కాసేపు తగ్గుతూనే ఉంటుంది కదా, వేళ్లు కొయ్యబారి జిప్పు కూడా పట్టుకోలేం. వదులు బట్టలు వేసుకునే వరుసలో ముందే పేర్చుకోండి, ఫ్లాస్కులో అల్లం టీ పెట్టుకోండి. వణుకు తగ్గేదాకా కారు తాళాలు నీళ్లలోకి దిగకుండా ఒడ్డున నిలబడ్డ ఆ మనిషి దగ్గరే.