టేపు, నట్టు, పెన్సిల్: పగడపు దిబ్బ మీద సర్వే ఎలా చేయాలి?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. పగడపు దిబ్బ, అంటే సముద్రంలో పగడాలనే చిన్న జీవులు సున్నంతో కట్టిన దిబ్బ, దాని దగ్గర ఈ లెక్క పనికిరాదు. స్నార్కెల్ పెట్టుకుని పది నిమిషాలు ఈదొచ్చినవాళ్లలో ఒకరు "అబ్బ, ఎంత బాగుందో" అంటారు, పక్కవాళ్లు "అంతా చచ్చిపోయింది కదండీ" అంటారు. చూసింది ఒకే చోటు. ఒకరి కళ్లు నీలి చేప వెంట పోయాయి, రెండోవారి కళ్లు తెల్లబడ్డ కొమ్మ మీద ఆగిపోయాయి. ఈ తగవు తీర్చడానికే సర్వే. సముద్రం అడుగున బతికున్న పగడం ఎంత, రాయి ఎంత, ఇసుక ఎంత, నాచు ఎంత అని శాతాల్లో రాసిపెట్టడమన్నమాట.

దీనికి మెరైన్ బయాలజీ డిగ్రీ అక్కర్లేదు. 1996లో మొదలైన రీఫ్ చెక్ అనే సంస్థ మామూలు డైవర్లు కూడా చేయగలిగే పద్ధతి ఒకటి తయారుచేసింది. 1997 నుంచి చాలా దేశాల్లో దాన్ని వాడుతున్నారు. నేను చెప్పేది ముఖ్యంగా ఆ పద్ధతే: సముద్రం అడుగున టేపు పరిచి, దాని వెంట అర మీటరుకోసారి నట్టు వదిలి, ఆ బిందువు దగ్గర అది దేన్ని తాకిందో పలక మీద గడిలో రాసుకోవడం. ఉదాహరణలు మాత్రం అండమాన్‌వి, ఎందుకంటే నేను నేర్చుకున్నది అక్కడ. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. నేను ఎక్కిన పడవాయన కూడా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడే. నీళ్లను ఒక్క చూపు చూసి "ఈరోజు నీరు మడ్డిగా ఉంది బాబూ, రేపు రండి" అనేవాడు. ఆయన మాట కాదని దిగిన రోజు టేపు మీద అంకెలే కనబడలేదు.

మన తీరంలోనే నేర్చుకోవచ్చు కదా అంటారేమో. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రూ, మంచినీరూ పగడాలకు పడవు. అందుకే ఇంత పొడవు తీరం ఉన్నా మనకు పెద్ద పగడపు దిబ్బల్లేవు. కాకపోతే నీళ్లలో కదలకుండా తేలడం, టేపు పరవడం విశాఖలో రుషికొండ దగ్గర ప్రాక్టీసు చేసుకోవచ్చు. ఇంకో మాట. కుజుడి కోసం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం ఈ దిబ్బలది కాదు. అది వేరే జాతి, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల దొరుకుతుంది. దిబ్బ కట్టే పగడాలు ఎక్కువగా గోధుమరంగులో, రాళ్లలా, కొమ్మల్లా, బల్లల్లా ఉంటాయి.

ముందు అనుమతి

దిబ్బ కట్టే గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో వీటికీ అంతే. ఒడ్డున పడున్న ముక్కను జ్ఞాపకంగా బ్యాగులో వేసుకున్నా కేసు అవుతుంది. అండమాన్‌లో వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్ లాంటి చోట సర్వే చేయాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. కొత్తవాళ్లు అనుమతి ఉన్న బృందంతో కలిసి వెళ్లడమే సులువు.

అండమాన్‌లో మడ అడవులున్న చోట ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి. ఒడ్డున హెచ్చరిక బోర్డు ఉంటే ధైర్యం చూపించకండి.

సామాను

చాలా తక్కువ. ఇళ్ల స్థలాలు కొలిచే 100 మీటర్ల ఫైబర్‌గ్లాస్ టేపు ఒకటి, చుట్ట బయటికి కనబడే రకం. డబ్బాలో మూసుకుపోయే రకమైతే ఇసుక చేరి పట్టేస్తుంది. రాసుకోవడానికి తెల్లటి పీవీసీ పలక. దాన్ని ముందు గరుకు కాగితంతో రుద్దితే నీళ్లలో కూడా మామూలు చెక్క పెన్సిల్‌తో రాయొచ్చు. పెన్సిల్‌ను పలకకు దారంతో కట్టండి, లేకపోతే పైకి తేలిపోతుంది. ఇక అసలైనది నట్టు: చిన్న ఇనప నట్టుకు రెండు మీటర్ల దారం. తాపీమేస్త్రీ గోడ నిటారు చూడటానికి వదిలే గుండు లాంటిదే, ఇంకా చిన్నది. పలక అంచు మీద 15 సెంటీమీటర్లకు ఒక గీత గీసి ఉంచుకోండి. దాని పని ఏంటో కాస్త కింద చెప్తాను.

ఒడ్డునే నేర్చుకోవాల్సిన పది పేర్లు

నీళ్లలో దిగాక ఆలోచించే టైమ్ ఉండదు. గాలి అయిపోతుంటుంది, టెన్షన్ వేరే. కాబట్టి ఈ పది గుర్తులూ ఫోటోలు చూసి ఒడ్డునే బట్టీ పట్టాలి: గట్టి పగడం, మెత్తని పగడం, కొత్తగా చచ్చిన పగడం, పెరిగిన నాచు, స్పాంజ్ (అడుగున అంటుకుని పెరిగే ఒక సముద్ర జీవి), రాయి, రాళ్ల ముక్కలు, ఇసుక, బురద, ఇతరాలు. పలక మీద వీటిని ఇంగ్లిషు పేర్లలోని రెండు మూడు అక్షరాల్లో రాసుకుంటారు. గట్టి పగడం హెచ్‌సీ, రాయి ఆర్‌సీ, అలా. ఎస్పీ అంటే స్పాంజ్, పోలీసు కాదు.

సగం తేలికే. ఇసుకకూ బురదకూ తేడా కావాలంటే చేత్తో కొంచెం పైకి లేపి చూడండి. వెంటనే కింద పడితే ఇసుక, నీళ్లలో మబ్బులా నిలిచిపోతే బురద. రాయికీ రాళ్ల ముక్కలకూ హద్దు 15 సెంటీమీటర్లు. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు అంత, మన లెక్కలో ఇంచుమించు రెండు బెత్తెలు. అంతకన్నా పెద్దదైతే రాయి, చిన్నదైతే ముక్క. అనుమానం వస్తే పలక మీద గీత పక్కన పెట్టి చూసుకోవచ్చు. రాయి మీద మూడు సెంటీమీటర్లలోపు నూగులాంటి నాచు ఉన్నా దాన్ని రాయి కిందే రాస్తారు. అంతకుమించి ఆకుల్లా పెరిగి ఊగుతుంటే నాచు.

అసలు చిక్కంతా తెల్ల పగడం దగ్గర. తెల్లగా ఉంటే చచ్చిపోయినట్టేనని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. పగడం ఒంట్లో కంటికి కనబడనంత చిన్న ఆల్గే (నాచు రకం జీవాలు) ఉంటాయి, దానికి తిండీ రంగూ ఎక్కువగా వాటి వల్లే. నీరు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం వాటిని బయటికి పంపేస్తుంది. అప్పుడు ఒళ్లు పారదర్శకమై లోపలి సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. తెల్లబడింది గానీ ఇంకా బతికే ఉంది. నీరు త్వరగా చల్లబడితే తేరుకోవచ్చు కూడా. దగ్గరికి వెళ్లి జానెడు దూరం నుంచి చూడండి. బతికున్నదాని మీద పల్చటి, నిగనిగలాడే పొర ఉంటుంది. ఒక్కోసారి సన్నటి కొసలు కదులుతూ కనబడతాయి. చచ్చినదానికి ఆ పొర ఉండదు, ఆ జీవులు ఉండిన గిన్నెల్లాంటి గుంతల అంచులు పదునుగా తేలి ఉంటాయి. కొద్ది రోజులకే వాటి మీద ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన నూగు పడుతుంది.

కాబట్టి తెల్లబడినా బతికుంటే గట్టి పగడమే, పక్కన "తెలుపు" అని ఒక గుర్తు పెట్టండి. పొర పోయి, గుంతల ఆకారం ఇంకా చెదరకపోతే కొత్తగా చచ్చిన పగడం. ఏడాది దాటి ఆకారం అరిగిపోతే అది ఇక రాయి.

ఈ మూడింటి మీద ఇంతసేపు ఎందుకు నిలిచానో చెప్తాను. 1998, 2010, 2016 సంవత్సరాల్లో అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. అలాంటి వేసవి మొదట్లో సర్వే చేస్తే పగడం శాతం ఏమీ తగ్గదు, కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. "తెలుపు" గుర్తులే చెప్తాయి ప్రమాదం వచ్చిందని. కొన్ని నెలలకు అవే బిందువులు కొత్తగా చచ్చిన గడిలోకి మారతాయి, మరుసటేడు రాయి గడిలోకి. ఒక్క పగడం శాతాన్నే చూసేవాళ్లకు కథలో చివరి అధ్యాయం మాత్రమే తెలుస్తుంది.

టేపు పరవడం

ఎక్కడ మొదలుపెట్టాలో బాగున్న చోటు చూసి ఎంచుకోకండి. ఎంత లోతులో చేయాలో ముందే అనుకుని (2 నుంచి 6 మీటర్ల మధ్య కొత్తవాళ్లకు సరిపోతుంది), అక్కడ దిగి, తీరానికి సమాంతరంగా అదే లోతు పట్టుకుని వెళ్లాలి. టేపు బిగువుగా, నేలకు దగ్గరగా ఉండాలి. కొస కట్టాలంటే ఉత్త రాయికే కట్టండి. పగడపు కొమ్మకు కడితే విరిగిపోతుంది. గుండ్రాయిలా పెరిగే పోరైటిస్ పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది, మన ఫిన్ (కాలికి తొడుక్కునే ఈత రెక్క) తగిలితే ఏళ్ల పెరుగుదల దెబ్బతినొచ్చు. నీళ్లలో నిలకడగా తేలడం రానివాళ్లు ముందు అది నేర్చుకుని తర్వాత సర్వేకి రావాలి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

జీపీఎస్ పాయింటు, దిక్కు, లోతు, దాంతోపాటు టైమ్ కూడా రాసుకోండి. ఆటుపోట్లను బట్టి లోతు మారుతుంది. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్‌లో నేలే పైకి లేచి, కొన్ని దిబ్బలు నీళ్లు వదిలి ఎండిపోయాయి. అంతకుముందు రికార్డుల్లోని లోతును అక్కడ గుడ్డిగా వాడుకోలేం.

నట్టు వదలడం

100 మీటర్ల టేపు మీద 20 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు చదువుతారు, మధ్యలో 5 మీటర్ల ఖాళీలు వదిలేస్తూ. అంటే 0 నుంచి, 25 నుంచి, 50 నుంచి, 75 నుంచి. ఖాళీ ఎందుకంటే, నాలుగూ ఒకే పగడపు గుంపు మీద పడకుండా దేనికది వేరుగా నిలవాలని. ప్రతి ముక్కలోనూ అర మీటరుకోసారి నట్టు వదలాలి: 0, 0.5, 1.0 అలా 19.5 దాకా. ముక్కకు 40, మొత్తం 160 బిందువులు.

నట్టు ముందు దేన్ని తాకితే అదే రాయాలి. బల్లలాంటి పగడం మీద పడితే పగడం, దాని కింద ఇసుక ఉన్నా సరే. కళ్లతో చూసి రాసేయొచ్చు కదా, నట్టు ఎందుకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మొదటిసారి నట్టు పక్కన పెట్టి టేపు వెంట చూసుకుంటూ పోయాను. పైకొచ్చాక, అదే టేపును నట్టుతో చదివిన, నాతో జోడీగా దిగిన మనిషి పలక పక్కన పెడితే, నా పలకలో పగడాలు చాలా ఎక్కువ. అబద్ధం రాయలేదు నేను. మాస్క్‌లోంచి ఏటవాలుగా చూస్తున్నప్పుడు 7.5 దగ్గర ఇసుక, రెండు వేళ్ల అవతల చక్కటి పగడం కనబడితే, కన్ను తెలియకుండానే పగడం వైపు జరిగింది. నట్టుకు ఏదీ ముద్దు కాదు.

ఇంకా వివరం కావాలనుకునేవాళ్లు బిందువులకు బదులు టేపు కింద ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాస్తారు. 3.20 నుంచి 3.65 దాకా కొమ్మల పగడం, అంటే 45 సెంటీమీటర్లు, అలా. లెక్క మెరుగ్గా వస్తుంది గానీ గాలీ ఓపికా బాగా ఖర్చవుతాయి. మూడో దారి ఫోటోలు. పీవీసీ పైపులతో చట్రం చేసి, ఎప్పుడూ ఒకే ఎత్తు నుంచి నిటారుగా కిందికి తీస్తూ పోవడం. తర్వాత కోరల్‌నెట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఫోటో మీద బిందువులు వేసి గుర్తించడానికి సాయం చేస్తుంది. నీళ్లలో పని తగ్గుతుంది, ఇంట్లో పని పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ చెప్పిందాన్ని మనిషి సరిచూడాల్సిందే.

లెక్క

ఒక ఉదాహరణ అనుకుందాం. నాలుగు ముక్కల్లో గట్టి పగడం బిందువులు 17, 9, 15, 11 వచ్చాయి. మొత్తం 52. 160తో భాగిస్తే 32.5 శాతం. ఇక్కడితో ఆగితే పొరపాటే. ముక్కల వారీగా చూస్తే 42.5, 22.5, 37.5, 27.5 శాతాలు. ఒకే టేపు మీద ఇంత తేడా! 160 బిందువుల లెక్కకు మామూలుగానే అటూ ఇటూ ఓ 7 శాతం ఊగులాట ఉంటుంది. పగడాలు గుంపులుగా పెరుగుతాయి కాబట్టి అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అందుకని వచ్చే ఏడు 29 శాతం వస్తే "దిబ్బ చచ్చిపోతోంది" అని పోస్టు పెట్టకండి, 36 వస్తే సంబరాలూ చేయకండి. అదే చోట, అదే లోతులో, వీలైతే అదే నెలలో, ఏటేటా చేస్తూ పోతే నాలుగైదేళ్లకు అంకెలు ఎటు నడుస్తున్నాయో కనబడుతుంది.

పలక మీద రాసింది ఆ సాయంత్రమే కంప్యూటర్లోకి ఎక్కించేయండి. ఒక్కో ముక్కకు 40 గళ్లు నిండాయో లేదో పడవలోనే లెక్కపెట్టుకోండి. 38 ఉంటే ఏ రెండు తప్పాయో రాత్రికి గుర్తుండదు. తుడిచేముందు పలకను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. టేపును మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాకే చుట్టండి. పలకకు రబ్బరు చాలు, మొండికేస్తే గిన్నెలు తోమే పీచు.