లేగదూడ జీర్ణవ్యవస్థకు మేలు చేసేలా వెల్లుల్లి రసం ఇచ్చే పద్ధతి

అప్పుడే పుట్టిన లేగదూడకు మొదట అందవలసినవి ముర్రుపాలే. వాటిలోని ప్రతిరక్షకాలను (రోగాలతో పోరాడే పదార్థాలను) నేరుగా పీల్చుకునే శక్తి పేగులకు సుమారు 24 గంటల్లో తగ్గిపోతుంది కనుక, తొలి 2 గంటల్లోపే పట్టించి, మొదటి రోజు ముగిసేసరికి దూడ బరువులో పదో వంతు అందేలా చూడాలి. వెల్లుల్లి రసం ఆ దశ దాటాకే మొదలుపెట్టాలి.

రెబ్బలను దంచి 10 నిమిషాలు ఉంచితే అల్లిసిన్ అనే ఘాటైన పదార్థం ఏర్పడుతుంది. అది సూక్ష్మజీవులను అణచగలదు గాని వేడికి చెడిపోతుంది, అందువల్ల రసాన్ని మరిగించకుండా వడకట్టి గోరువెచ్చని పాలలో కలపాలి. దూడ చీకుతూ తాగినప్పుడు అన్నవాహిక చివరి గాడి గొట్టంలా మూసుకొని, పాలు పొట్టలోని నాలుగు గదుల్లో మొదటిదైన పెద్ద పొట్టను తప్పించి నేరుగా నాలుగో పొట్టకు చేరతాయి కాబట్టి, రసం ప్రభావం ప్రధానంగా అక్కడా, పేగుల్లోనూ ఉంటుంది. పెద్ద పొట్ట ఎదుగుదలకు మాత్రం దాణా పులిసినప్పుడు పుట్టే బ్యుటిరిక్ ఆమ్లం ముఖ్యం. మొదటి వారం నుంచే కొద్దికొద్దిగా దూడల దాణా, శుభ్రమైన నీరు పెట్టడానికి ఏ మూలికా ప్రత్యామ్నాయం కాదు.

మోతాదును పశువైద్యుడే నిర్ణయించాలి, ఎందుకంటే వెల్లుల్లి ఎక్కువైతే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. రోజూ పేడను గమనించండి. నీళ్లలా పారుతూ కళ్లు లోపలికి పోతే రసం ఆపి, లవణ ద్రావణం పట్టిస్తూ వెంటనే వైద్యుణ్ణి పిలవండి.