మేలో సూర్యలంక వెళ్తున్నారా? చీకటితోనే బయల్దేరండి

ఎండాకాలం గుంటూరు నుంచి మా ఆయనా నేనూ కారులో సూర్యలంక వెళ్తే, తెల్లవారుజామున 4 గంటలకే బయల్దేరతాం. చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల మీదుగా వెళ్తే పొద్దుపొడుపు సముద్రం ఒడ్డునే చూడొచ్చు. ఆ గంటసేపు మా ఇద్దరిదీ, ఫోన్లు కారులోనే.

టైర్లలో గాలి మాత్రం బయల్దేరగానే ఇంటి దగ్గరి బంకులో చూపించండి. ఎండలో తిరిగి వేడెక్కిన టైరు ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయించారంటే చల్లారాక తగ్గిపోతుంది. ఎంతుండాలో చాలా కార్లకు డ్రైవరు డోరు తీస్తే స్టిక్కరు మీద ఉంటుంది.

అలల్లో మోకాళ్ల లోతు దాటొద్దు. 8కల్లా తిరుగుముఖం పట్టండి. దారిలో ముంజలు కనిపిస్తే కళ్లెదుటే కొట్టించుకోండి, లేతవో ముదురువో తెలుస్తుంది.