గని పూడ్చిన నేలలో ఆస్పెన్ పెంపకం – మూడో పాఠం: తడి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి

మొదటి పాఠంలో పైమట్టిని తిరిగి పరచడం గురించి, రెండో పాఠంలో మొక్కల ఎంపిక గురించి చెప్పుకున్నాం. ఈ పాఠం నీటికి సంబంధించినది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు వాయవ్య భాగంలో ఉన్న హేడెన్ అనే ఊరి పరిసరాల వంటి చోట్ల మే నెలలో మంచు కరిగిన నీటితో నేల బాగా నాని ఉంటుంది. జూన్ వచ్చేసరికి పైపొర ఎండిపోవడం మొదలవుతుంది. కొత్తగా నాటిన ఆస్పెన్ (చలి ప్రాంతాల్లో పెరిగే, ఆకు రాల్చే చెట్టు) బతుకుతుందా లేదా అన్నది ఎక్కువగా ఆ రెండు మూడు నెలల్లోనే తేలిపోతుంది.

అడవిలో ఆస్పెన్‌కు ఈ చిక్కు ఉండదు. అక్కడ కొత్త మొక్క సాధారణంగా విత్తనం నుంచి కాక, పాత చెట్టు వేరు మీద పిలకగా పుడుతుంది. చెట్టును నరికినా, మంట కాల్చినా, కొమ్మల నుంచి వేరుకు దిగి, వేరు మొగ్గలను అణచి ఉంచే ఆక్సిన్ అనే హార్మోను ఆగిపోతుంది. దాంతో నేలకు దగ్గరగా ఉన్న వేళ్ల మీది మొగ్గలు పిలకలుగా లేస్తాయి. ఆ పిలకకు పుట్టిన రోజు నుంచే తల్లివేరు నీరు, పోషకాలు అందిస్తుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న పాండో అనే ఆస్పెన్ గుంపు దాదాపు 43 హెక్టార్లలో సుమారు 47,000 కాండాలతో, ఒకే వేరు వ్యవస్థ మీద నిలిచి ఉంది. ఉపరితల గనిలో పైమట్టిని తొలగించినప్పుడు పోయేది సరిగ్గా ఈ వేరు వ్యవస్థే. విత్తనం మీద ఆధారపడదామంటే, అది చాలా చిన్నది, కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది, పైగా మొలిచిన తరువాత కూడా నేల ఎడతెగకుండా తడిగా ఉండాలి. అందువల్ల నాటిన మొక్కకు కొంతకాలం మనమే నీరు పెట్టక తప్పదు. అయితే ఆ నీటి ఉద్దేశం ఆకును పచ్చగా ఉంచడం కాదు, వేరును లోతుకు దింపడం. ఈ పాఠంలోని లెక్కలన్నీ ఈ ఒక్క మాట మీదనే నడుస్తాయి.

ఒక తడికి ఎన్ని లీటర్లు కావాలో లెక్క వేద్దాం. మొక్క చుట్టూ 60 సెంటీమీటర్ల వ్యాసం గల వలయంలో, 45 సెంటీమీటర్ల లోతు వరకు నేల తడవాలనుకుందాం. ఆ మట్టి పరిమాణం సుమారు 127 లీటర్లు. లోమీ నేలలో (ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిసిన నేల) మొక్క తీసుకోగలిగిన నీరు పరిమాణంలో సుమారు 15 శాతం, అంటే దాదాపు 19 లీటర్లు. అందులో సగం ఖర్చయ్యాక మళ్లీ తడి ఇస్తే, ఒక్కసారి పెట్టవలసింది 9.5 లీటర్లు. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు మొక్కకు రెండు పెడితే గంటా పన్నెండు నిమిషాలు సరిపోతాయి. రోజూ పది నిమిషాలు వదిలితే తడి పైపైనే ఉండి, వేళ్లు కూడా అక్కడే ఉండిపోతాయి. నీరు ఆపిన రోజున అవి నిస్సహాయంగా ఎండుతాయి. కాబట్టి లోతుగా, ఎడంగా ఇవ్వడమే మేలు. తేదీ చూసి కాదు, వేళ్లు ఉన్న లోతు వరకు తవ్వి మట్టిని పిడికిట నొక్కి, పదును చూసి తడి ఇవ్వాలి.

నీరు పెట్టిన చోట గడ్డి కూడా పెరుగుతుంది. నేల కోతను ఆపడానికి చల్లిన గడ్డి గింజలు డ్రిప్పర్ కింద దట్టంగా లేచి, మీరు ఆస్పెన్ కోసం ఇచ్చిన నీటిని ముందుగా తాగేస్తాయి. హేడెన్ సమీపంలోని సెనెకా బొగ్గుగని నేలలో అమెరికా అటవీశాఖ పరిశోధకులు నీటితోపాటు కలుపు తీతను కూడా కలిపి పరీక్షించడం ఊరికే కాదు. నా అభిప్రాయంలో, కూలీలు తక్కువైతే ఒక తడి తగ్గించినా ఫర్వాలేదు, మొక్క చుట్టూ అరమీటరు మేర కలుపు తీత మాత్రం తగ్గించకూడదు.

ఇక ఎప్పుడు ఆపాలి? దీనికి చట్టం కూడా ఒక కారణం. 1977 నాటి అమెరికా ఉపరితల గనుల చట్టం ప్రకారం, ఏటా 26 అంగుళాలు లేదా అంతకంటే తక్కువ వర్షపాతం ఉన్న ప్రాంతాల్లో తిరిగి పెంచిన మొక్కలకు గని సంస్థ జవాబుదారీగా ఉండవలసిన బాధ్యతా కాలం 10 ఏళ్లు, అంతకంటే ఎక్కువ ఉన్నచోట 5 ఏళ్లు. ఆ కాలం సాధారణంగా చివరిసారి అదనంగా విత్తనం, ఎరువు, నీరు ఇచ్చిన తరువాతే మొదలవుతుంది. నీటిని సాగదీసిన కొద్దీ నేలను బాగుచేస్తామన్న హామీగా సంస్థ కట్టిన పూచీ బాండు విడుదల వెనక్కి పోతుంది. అందుకని మొదటి ఏడు పూర్తిగా, రెండో ఏడు ఎడం పెంచుతూ ఇచ్చి, మూడో ఏడు ఆపేలా ముందే ప్రణాళిక వేసుకోవడం మంచిదని నా సలహా. ఏ ఏడైనా ఆగస్టు చివర నుంచి తడులు తగ్గిస్తే కొమ్మ ముదిరి చలికి సిద్ధపడుతుంది.

అభ్యాసం: ఇసుక పాలు ఎక్కువైన నేలలో మొక్క తీసుకోగల నీరు 10 శాతమే అనుకుని, పై లెక్కను మళ్లీ చేయండి. ఒక తడికి సుమారు 6.4 లీటర్లు, డ్రిప్ నడవాల్సిన సమయం 48 నిమిషాలు రావాలి. తడి ఇచ్చిన మరునాడు ఒక మొక్క పక్కన గుంట తవ్వి, తడి ఎంత లోతు దిగిందో కొలిచి, మీ లెక్కతో పోల్చి రాసుకోండి. తరువాతి పాఠం ఎల్క్ అనే పెద్ద జింకలు, మామూలు జింకల నుంచి మొక్కలను కాచే కంచె గురించి.